తెగితే ఆగాలి

ఎర్రమంచి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఓ గంటసేపు నిలబడండి. కాస్త ఓపికుంటే పెనుకొండ రైల్వే స్టేషను దాకా కూడా వెళ్ళి రండి. వెనకాల ఇంకోదాన్ని తగిలించుకుని లాక్కుపోయే బళ్ళు మీకు మూడు రకాలు కనబడతాయి.

మొదటిది, కియా ఫ్యాక్టరీ గేట్లోంచి కొత్త కార్లని రెండంతస్తులుగా పేర్చుకుని బయల్దేరే పొడవాటి ట్రైలర్ లారీ. రెండోది, అవే కార్లని పెట్టెల్లో నింపుకుని పెనుకొండ నుంచి కదిలే గూడ్సు రైలు. మూడోది మనకి పుట్టినప్పట్నుంచీ తెలిసిందే: శెనక్కాయ మూటలో, ఇటుకలో, ఇసుకో, కూలీలో, ఏది దొరికితే అది ఎక్కించుకుపోయే ట్రాక్టరు ట్రాలీ.

మొదటి రెండింటికీ ఒక సుగుణం ఉంది. ముందు బండికీ వెనక బండికీ మధ్య లంకె తెగిపోతే, వెనకది ఎవరూ చెప్పకుండానే తనకి తాను బ్రేకు వేసుకుంటుంది. మూడోదానికి ఆ గుణం లేదు. మన ఊళ్ళల్లో తిరిగే ట్రాలీల్లో చాలావాటికి అసలు బ్రేకే లేదు, ఇహ తెగినప్పుడు వేసుకునే ప్రశ్న ఎక్కడిది?

2017 ఏప్రిల్లో ఒప్పందం కుదిరి, 2019 ఆగస్టు 8న మొదటి సెల్టోస్ కారు బయటికొచ్చి, అదే ఏడాది డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభోత్సవం జరుపుకున్న ఫ్యాక్టరీ అది. ఏడాదికి మూడు లక్షల కార్లు చేయగల సత్తా ఉన్నది. దాని గోడ పక్కనుంచే బ్రేకుల్లేని ట్రాలీ ఒకటి నింపాదిగా పోతుంటుంది. ఈ తేడాకి కారణం టెక్నాలజీ లేకపోవడం అనుకుంటే పొరపాటే. ఆ టెక్నాలజీ వయసు నూటయాభై ఏళ్ళు దాటింది. మరి కారణమేంటి? అది చెప్పాలంటే కాస్త చరిత్రలోకి వెళ్ళాలి.

నాకు ఈ గొడవంతా పట్టడానికి కారణం ఒక నీలం తీగె. అమెరికాలో ఉండగా ఓ పాత పికప్ ట్రక్కు కొన్నాను. వెనక తగిలించుకోవడానికి చిన్న క్యాంపర్ ట్రైలర్ ఒకటి. మనవాళ్ళలో చాలామందికి ట్రైలర్ అంటే అపార్ట్‌మెంట్ మారేటప్పుడు యూ-హాల్ దగ్గర ఒక్కరోజుకి అద్దెకి తీసుకునేదే. దాని తీగెలు వాళ్ళే తగిలించి పంపిస్తారు, మనం పట్టించుకోం. సొంతంగా కొన్నాక తప్పదు కదా.

నా ట్రక్కుకి వెనకాల నాలుగు పిన్నుల సాకెట్ ఒకటే ఉంది. తెల్ల తీగె ఎర్తు. గోధుమరంగుది రాత్రిపూట వెలిగే దీపాలకి. పసుపుది ఎడమ సిగ్నలుకీ, ఆకుపచ్చది కుడి సిగ్నలుకీ. అమెరికా ట్రైలర్ల మీద బ్రేకు దీపమూ సిగ్నలు దీపమూ ఒకే బల్బు కాబట్టి ఆ నాలుగుతో సరిపోతుంది. అంటే వెనకొచ్చేవాడికి "నేను ఆగుతున్నా" అని చెప్పడానికి నాలుగు తీగెలు చాలు. వెనక బండిని నిజంగా ఆపడానికి మాత్రం చాలవు. దానికి ఏడు పిన్నుల సాకెట్ కావాలి. అందులో ఓ పిన్ను ట్రైలర్ బ్యాటరీకి కరెంటు అందిస్తుంది, ఇంకోటి రివర్సు దీపాలకి. నీలం తీగె వచ్చే పిన్ను బ్రేకులకి.

ఆ నీలం తీగెలో ఎంత కరెంటు పోవాలో నిర్ణయించేదే బ్రేక్ కంట్రోలర్. స్టీరింగు కింద బిగించుకునే చిన్న డబ్బా. దానికుండేవి నాలుగు తీగెలే: నలుపు బ్యాటరీ నుంచి, తెలుపు ఎర్తుకి, ఎరుపు బ్రేకు పెడల్ దగ్గరున్న స్విచ్చికి, నీలం వెనక్కి. మీరు పెడల్ తొక్కగానే ఎర్ర తీగె ఆ సంగతి చెబుతుంది. డబ్బాలో ఉన్న సెన్సరు బండి ఎంత గట్టిగా నెమ్మదిస్తోందో చూసి అంతకు తగ్గట్టు నీలం తీగెలోకి కరెంటు వదులుతుంది. అవతల చక్రంలో ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. కరెంటు అందగానే అది తిరుగుతున్న డ్రమ్ముకి అతుక్కుని, దానితోపాటు కాస్త ముందుకు ఈడ్చుకుపోయి, ఓ మీటని లాగుతుంది. ఆ మీట బ్రేకు షూలని డ్రమ్ముకి అదుముతుంది. ఒక్కో అయస్కాంతానికి సుమారు మూడు ఆంపియర్లు. ఇంత భారాన్ని ఆపేది అంత చిన్న కరెంటన్నమాట, మిగతా పనంతా తిరిగే చక్రమే చేసిపెడుతుంది.

ఓ శనివారం మొత్తం ట్రక్కు కింద పడుకుని ఈ తీగెలు లాగాను. బ్యాటరీ నుంచి డాష్‌బోర్డు కిందికి, అక్కణ్ణుంచి ఛాసిస్ వెంట వెనక్కి. మర్నాడు ఖాళీ పార్కింగ్ లాట్లో నెమ్మదిగా నడుపుతూ, బ్రేకు బలం పెంచుతూ తగ్గిస్తూ చూసుకున్నాను. కానీ నన్ను బాగా ఆకట్టుకున్నది కంట్రోలర్ కాదు. ట్రైలర్ ముందుభాగంలో ఉన్న చిన్న పెట్టె. అందులో ఓ బ్యాటరీ, ఓ స్విచ్చి. స్విచ్చిలో ఓ పిన్ను, దానికో సన్నటి ఇనప తాడు. ఆ తాడు రెండో కొస తెచ్చి ట్రక్కుకి కట్టాలి. దారిలో ట్రైలర్ ఊడిపోయిందనుకోండి, తాడు పిన్నుని లాగేస్తుంది. పిన్ను రాగానే ట్రైలర్ తన సొంత బ్యాటరీతో తన బ్రేకులు తానే పూర్తిగా వేసుకుంటుంది. వాణిజ్య బళ్ళకైతే అలా పడిన బ్రేకు కనీసం పదిహేను నిమిషాలు పట్టి ఉంచాలని అమెరికా కేంద్ర నిబంధన కూడా ఉంది.

మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇది బాగా తెలిసిన సంగతే. రెండు సర్వర్లు మాట్లాడుకుంటున్నప్పుడు "ప్రమాదం వచ్చింది" అని కబురు పంపే పద్ధతి నమ్మకూడదు. ప్రమాదంలో మొట్టమొదట తెగేది ఆ కబురు తీగే కాబట్టి. "బాగానే ఉన్నాను" అని ఎప్పుడూ చెబుతూ ఉండాలి, ఆ మాట వినబడకపోతే ప్రమాదం వచ్చినట్టే లెక్క. మౌనమే హెచ్చరిక. ఇంత మంచి ఆలోచన మొదట ఎవరికొచ్చిందా అని వెతుక్కుంటూ పోతే రైళ్ళ దగ్గర తేలాను.

ఎద్దుబండి రోజుల్లో ఈ సమస్యే లేదు. దిగుడులో బండిని నిలవరించేది ఎద్దుల మెడలే. మరీ వాలుగా ఉంటే చక్రానికి ఓ చెక్క అదిమి తాడుతో బిగించేవాళ్ళు. లాగేవీ ఆపేవీ ఒకటే కాబట్టి, కాడి విరిగితే బండి ఎక్కడిదక్కడ కూలబడేది. రైలు వచ్చాక లెక్క మారింది. ఒక ఇంజను వెనక ఇరవై, ముప్ఫై పెట్టెలు. లాగడానికి ఒక ఇంజను చాలు గానీ, ఆపడానికి ప్రతి పెట్టెకీ బ్రేకు కావాలి. అమెరికాలో ఇందుకోసం బ్రేక్‌మన్ అనే ఉద్యోగమే ఉండేది. ఇంజను కూత వినగానే కదులుతున్న పెట్టెల పైకప్పుల మీద పరిగెడుతూ ఒక్కో పెట్టె చక్రం చేత్తో తిప్పి బ్రేకు బిగించాలి. మంచులో, వానలో, చీకట్లో. ఎంతమంది జారిపడి చచ్చారో, ఎంతమంది చేతులూ వేళ్ళూ పోగొట్టుకున్నారో.

1869లో జార్జ్ వెస్టింగ్‌హౌస్ అనే కుర్రాడు (అప్పటికి ఇరవై రెండేళ్ళు) గాలి బ్రేకుకి పేటెంటు తీసుకున్నాడు. ఇంజనులో గాలిని కుదించి, గొట్టంలోంచి వెనక పెట్టెలన్నిటికీ పంపితే బ్రేకులు పడతాయి. బానే ఉంది, కానీ గొట్టం తెగితే? గాలి లేదు, బ్రేకూ లేదు. సరిగ్గా అవసరమైనప్పుడే చేతులెత్తేసే బ్రేకు అది. మూడేళ్ళలో, 1872లో, అతనే దాన్ని తిరగేశాడు. ఈసారి గొట్టంలో గాలి నిండుగా ఉన్నంతసేపూ బ్రేకులు వదిలి ఉంటాయి, గాలి తగ్గితే పడతాయి. ప్రతి పెట్టె కిందా దాని సొంత గాలి ట్యాంకు. రైలు రెండు ముక్కలైతే రెండు ముక్కలూ ఆగుతాయి. నా ట్రైలర్ ముందున్న ఆ బ్యాటరీ పెట్టె ఈ గాలి ట్యాంకుకి మునిమనవడు.

ఇది మనకి కొత్తేం కాదు. రైల్లో గొలుసు లాగితే బండి ఎందుకాగుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? గొలుసు ఏ బ్రేకునీ లాగదు. బ్రేకు గొట్టానికి ఓ కన్నం తెరుస్తుంది, అంతే. గొట్టం తెగిందనుకుని రైలు తనే ఆగుతుంది. పాత వాక్యూమ్ బ్రేకుల రోజుల్లోనూ ఇదే సూత్రం, కాకపోతే అక్కడ గాలి బయటికి పోయే బదులు లోపలికొచ్చేది.

మరి 1872లోనే ఇంత మంచి బ్రేకు ఉండగా అందరూ వెంటనే పెట్టుకున్నారా? లేదు. ఖర్చు. "మా లైను చిన్నది, మా రైళ్ళు నెమ్మదివి, మాకెందుకు" అనే ధోరణి. ఇక్కడే అసలు కథ ఉంది.

1889 జూన్ 12. ఐర్లండులోని ఆర్మా పట్టణం. సండే స్కూలు పిల్లల్నీ వాళ్ళ పెద్దల్నీ విహారయాత్రకి తీసుకెళ్తున్న రైలు. దాదాపు 940 మంది, పదిహేను పెట్టెలు. ఊరు దాటగానే పెద్ద ఎగుడు. శిఖరం ఇంకాస్త దూరం ఉందనగా ఇంజను మొరాయించింది. సరే, రైలుని రెండు భాగాలు చేసి, ముందు భాగాన్ని పై స్టేషన్లో వదిలి మళ్ళీ వద్దామనుకున్నారు. ఆ రైలుకున్నది సాదా వాక్యూమ్ బ్రేకు. అంటే వెస్టింగ్‌హౌస్ మొదటి బ్రేకు లాంటిదే, గొట్టం విప్పితే బ్రేకు పోతుంది. విప్పారు. వెనకున్న పది పెట్టెలకీ మిగిలింది చివర గార్డు చేతి బ్రేకూ, చక్రాల కింద పెట్టిన రాళ్ళూ. ఇంజను ముందుకి కదలబోతూ కాస్త వెనక్కి జారి పెట్టెల్ని తాకింది. రాళ్ళు నలిగిపోయాయి. పది పెట్టెలూ వెనక్కి దొర్లుకుంటూ పోయి కింద నుంచి వస్తున్న ఇంకో రైలుకి గుద్దుకున్నాయి. ఎనభై మంది పోయారు. వాళ్ళల్లో చాలామంది పిల్లలు.

అదే ఏడాది ఆగస్టు 30 నాటికి బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసేసింది. ప్రయాణికుల రైళ్ళన్నిటికీ ఇంజను నుంచి చివరి పెట్టె దాకా ఒకటే బ్రేకు ఉండాలి, తెగితే తనంతట తానే పడాలి. మూడు నెలలు కూడా పట్టలేదు. పదిహేడేళ్ళుగా ఖర్చు ఎక్కువన్న వస్తువు మూడు నెలల్లో తప్పనిసరి అయిపోయింది. అమెరికాలో లొరెంజో కాఫిన్ అనే అయోవా పెద్దమనిషి బ్రేక్‌మన్‌ల తరఫున ఏళ్ళ తరబడి అందరి వెంటా పడగా పడగా 1893లో అక్కడా చట్టం వచ్చింది.

రోడ్ల మీదికొచ్చేసరికి ఇదే పాఠం మళ్ళీ మొదట్నుంచీ చదవాల్సి వచ్చింది. 1920లు, 30లలో అమెరికన్లు కార్ల వెనక ఇళ్ళ లాంటి ట్రైలర్లు కట్టుకుని దేశం మీద పడ్డారు. 1920ల చివర్లో మొదలైన వార్నర్ ఎలక్ట్రిక్ లాంటి కంపెనీలు విద్యుత్ బ్రేకులు తెచ్చాయి. ఓ కాలంలో కంట్రోలర్లని కారు బ్రేకు ఆయిలు గొట్టానికే కలిపేవాళ్ళు, తర్వాత లోలకం, ఆ తర్వాత సెన్సరు చిప్పు వచ్చాయి. 2005లో ఫోర్డ్ తన సూపర్ డ్యూటీ ట్రక్కులకి ఫ్యాక్టరీలోనే కంట్రోలర్ బిగించి ఇవ్వడం మొదలుపెట్టింది. ఇవన్నీ సౌకర్యాలు. అసలు సంగతి చట్టం. చాలా రాష్ట్రాల్లో 3,000 పౌన్లు దాటిన ట్రైలర్‌కి బ్రేకు ఉండాల్సిందే, కాలిఫోర్నియాలో క్యాంపర్ ట్రైలర్లకైతే 1,500 పౌన్లకే. యూరప్‌లో, ఆస్ట్రేలియాలో 750 కిలోలు దాటితే బ్రేకు తప్పదు. నేను శనివారమంతా నేల మీద పడుకున్నది నా బుద్ధిమంతనం వల్ల అనుకునేరు, చట్టం అడిగింది కాబట్టి!

సరే, ఇప్పుడు మన రోడ్డు మీదికొద్దాం. ట్రాక్టరు బరువు రెండు టన్నుల చిల్లర. నిండు ట్రాలీ బరువు అంతకి రెండింతలో మూడింతలో. మామూలు ట్రాక్టరుకి బ్రేకులు వెనక రెండు చక్రాలకే, ముందు వాటికి ఉండవు. పైగా పెడళ్ళు రెండు, ఎడమ చక్రానికొకటి, కుడి చక్రానికొకటి. పొలంలో చాలు చివర చటుక్కున తిరగడానికి అది అవసరం. రోడ్డెక్కేటప్పుడు రెండు పెడళ్ళనీ కొక్కెంతో కలపాలి. కలపడం మర్చిపోయి ఓ పెడలే గట్టిగా తొక్కితే ట్రాక్టరు ఒకవైపుకి లాగేస్తుంది, వెనకనుంచి ఐదారు టన్నులు తోస్తుంటాయి. దిగుడులో ఆ తోపు ఎలా ఉంటుందో నడిపినవాళ్ళనడగండి.

2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లా వద్దిపట్ల దగ్గర మిరపకాయ కోతకి వెళ్తున్న కూలీల ట్రాక్టరు కాలువలో పడి తొమ్మిది మంది పోయారు. అదే ఏడాది జూన్ 24న యాదాద్రి భువనగిరి జిల్లా వేములకొండ దగ్గర ఇంకో ట్రాక్టరు మూసీ కాలువలో పడి పదిహేను మంది. దాదాపు అందరూ ఆడకూలీలే. ట్రాలీకి బ్రేకుంటే వాళ్ళంతా బతికేవాళ్ళని నేననను. కాలువ గట్టుకి గోడ లేకపోవడం, కిక్కిరిసి ఎక్కించడం, నడిపే అనుభవం, ఇవన్నీ వేరే లెక్కలు. అసలు ట్రాలీలో మనుషుల్ని ఎక్కించకూడదనే నియమమే ఉంది. ఆ నియమాన్ని పాటించాలంటే పొద్దున్నే పొలానికెళ్ళడానికి కూలీకి ఇంకో బండి ఉండాలి. లేదు కాబట్టి ఎక్కుతున్నారు, రేపూ ఎక్కుతారు. వాళ్ళెక్కే బండి ఎలా ఉండాలన్నదే నా ప్రశ్న.

చట్టం అసలు లేదా అంటే, ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 61వ సెక్షను ప్రకారం ట్రైలర్‌కి కూడా రిజిస్ట్రేషను ఉండాలి, నంబరు రాసుండాలి. ఇంకో వింత చూడండి. మన దేశంలో పలు రాష్ట్రాల మోటారు వాహనాల నిబంధనల్లో ఒక మాట ఉంది: ట్రైలర్ బ్రేకుని ముందు బండి డ్రైవరు వేయలేకపోతే, బ్రేకు వేయగలిగిన మనిషినొకణ్ణి ఆ ట్రైలర్ మీదే కూర్చోబెట్టాలట! చదివి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. రైలు పైకప్పు మీద పరిగెత్తిన ఆ బ్రేక్‌మన్ మన నిబంధనల పుస్తకంలో ఇంకా బతికే ఉన్నాడు. నీలం తీగె ఉండాల్సిన చోట మనిషిని పెట్టారు. రోడ్డు మీద చూస్తే ఆ మనిషీ లేడు, ఆ బ్రేకూ లేదు.

విచిత్రం ఏంటంటే, ఈ రోజుల్లో మన ట్రాక్టర్లలో చాలావాటికి వెనకాల ఏడు పిన్నుల సాకెట్ కంపెనీ వాళ్ళే పెట్టి ఇస్తారు. మా వైపు నేను చూసినంతలో దాని మూత తీసినవాడు అరుదు. అందులోంచి ట్రాలీకి ఓ తీగె లాగి రెండు ఎర్రదీపాలు పెట్టుకుంటే రాత్రిపూట వెనకొచ్చే లారీకి కనబడుతుంది. చీకట్లో ఆగి ఉన్న ట్రాలీని గుద్దిన వార్త పేపర్లో నెలకొకటైనా చదువుతాం, పేజీ తిప్పేస్తాం.

బ్రేకుకైతే విద్యుదయస్కాంతాలూ కంట్రోలర్లూ కూడా అక్కర్లేదు. యూ-హాల్ వాళ్ళు కార్లు మోసుకెళ్ళడానికి అద్దెకిచ్చే ట్రైలర్లకి ఉండేది తోపు బ్రేకు. ముందు బండి నెమ్మదిస్తే వెనకది తోస్తుంది కదా, కొక్కెం దగ్గర ఆ తోపునే ఒక పిస్టను మీదికి మళ్ళించి దానితోనే బ్రేకు వేస్తారు. ముందు బండిలో ఏ మార్పూ అక్కర్లేదు. యూరప్‌లో చిన్న ట్రైలర్లన్నీ దాదాపు ఈ పద్ధతే. రివర్సు చేసేటప్పుడు అడ్డురాకుండా చిన్న ఏర్పాటు కావాలి, ఓ గొలుసూ, తెగితే బ్రేకు లాగే ఓ తాడూ కావాలి. కారు చేసేంత గొప్ప ఫ్యాక్టరీ ఏం కాదు, ట్రాలీలు చేసే మన వెల్డింగు షాపులకి అందే పనే ఇది.

రైతు ఇప్పటికే అప్పుల్లో ఉన్నాడు, ఈ ఖర్చు కూడానా అంటారు. న్యాయమైన మాటే. అందుకే పాత ట్రాలీల మీద పోలీసుల్ని తోలమని నేననను. కొత్తగా చేసే ట్రాలీకి బ్రేకూ దీపాలూ లేకుండా నంబరు ఇవ్వకుండా ఉంటే చాలు, ఆ ఖర్చులో కొంత ప్రభుత్వం పెట్టుకోవాలి. ట్రాక్టరు కొనడానికి సబ్సిడీ ఇచ్చిన ప్రభుత్వాలకి దాన్ని ఆపడానికి ఇవ్వడం పెద్ద లెక్కా?

చరిత్ర చదివితే తెలిసేది ఇదే. వెనక బండి బ్రేకు ఏ దేశంలోనూ దానంతటది రాలేదు. అది లేకపోతే నష్టపోయేది ముందు కూర్చున్నవాడు కాదు కాబట్టి. లాగేవాడికి లాగడమే లాభం, ఆపడం ఖర్చు. ఆర్మాలో ఎనభై మంది పోయాక ఆ ఖర్చు ఎవరు భరించాలో పార్లమెంటు 79 రోజుల్లో తేల్చింది. వేములకొండలో పదిహేను మంది పోయి ఏళ్ళు గడిచాయి.